బస్సెక్కిన అమ్మవారు

1981 సెప్టెంబరు 19

బండి వచ్చేసింది. రంగు ఇంకా పూర్తిగా ఆరలేదు. ఈయన గేటు ముందు నిలబెట్టి దిగకుండా హారన్ కొడుతూ కూర్చున్నారు. నేనూ అత్తయ్యా బయటికొచ్చి చూసేదాకా కొడతారట. జగ్గయ్యపేటలో సగం వీధి వచ్చి చూసింది.

పాత సర్వీసు బస్సు. సీట్లు సగం పీకించి బల్లలు వేయించారు. వెనక వంటకి రేకు గట్టు, పైన పరుపులకీ దిండ్లకీ అర. యాత్రకొచ్చిన జనం ఇందులోనే తిని, ఇందులోనే పడుకోవాలి. ఇన్నాళ్ళూ ఒకరి లారీ నడిపిన మనిషికి సొంత బండి. మా పెళ్ళిలో కూడా ఇంతలా నవ్వినట్టు గుర్తులేదు. చూస్తుంటే కడుపు నిండింది. మొహం మీద చెబితే బిగుసుకుపోతారని ఇక్కడ రాస్తున్నాను.

సెప్టెంబరు 24

బండిలో కరెంటు పని. ట్యూబులైట్లు, ఫ్యాన్లు, భజనలకి మైకు సెట్టు. బ్యాటరీ మీద ఇవన్నీ నడవవు, ఆగిన ఊళ్ళో ఎవరి ప్లగ్గులోనో పెట్టుకుని ఇంటి కరెంటు తీసుకోవాలి. నందిగామలో మా తమ్ముడు ప్రసాదుకి మోటార్లు చుట్టే షాపుంది, వాణ్ణి పిలుద్దాం అన్నాను. "బండి వైరింగు నాకు నేర్పుతాడా మీవాడు?" అన్నారు. అయిపోయింది. ఇంక మా పుట్టింటి పేరు ఎత్తకూడదు.

ఈయన లెక్క ఇదీ — లారీలో బల్బుకి ఒక్క వైరే వెళుతుంది, రెండోది బండి బాడీయే. దీనికీ అంతే. ఒక్క వైరు లాగి, రెండో కొస ఎక్కడికక్కడ ఇనప బాడీకి బిగించేశారు. సగం వైరు మిగిలింది. ఆ ఆనందం చూడాలి. మిగిలిన దాంతో పెరట్లో నాకు బట్టలు ఆరేసుకోవడానికి దండెం కట్టారు. ఈయన ప్రేమ ఇలాగే ఉంటుంది.

అక్టోబరు 3

డ్రైవరు వెనక అద్దంలో పెనుగంచిప్రోలు తిరుపతమ్మ పటం. అత్తయ్య దగ్గరుండి పెట్టించింది. అమ్మవారుండే చోట చెప్పులేంటని ఆర్డరు వేసింది — ఎవరైనా చెప్పులు కిందే విడిచి ఎక్కాలి. ఈయనకి మాత్రం మినహాయింపు. బ్రేకు తొక్కే కాలు గదా.

మామయ్య పోయాక అత్తయ్య ఇల్లు దాటడం ఇదే మొదలు. రెండేళ్ళు ఆ నట్టింటి కుర్చీలోంచి లేవలేదు మనిషి. ఇప్పుడు యాత్రకి ఎవరెవరు వస్తున్నారో, ఎవరికి కిటికీ పక్కన కావాలో అన్నీ తనే చూస్తోంది.

అక్టోబరు 12

మొదటి యాత్ర. పెనుగంచిప్రోలు. సత్రం అరుగు మీది ప్లగ్గులోంచి కరెంటు తీసుకున్నాం.

తెల్లవారి అత్తయ్య మునేట్లో మునిగి తడిచీరతో వచ్చింది. బండెక్కబోతూ తలుపు పక్కనున్న రాడ్డు పట్టుకుని ఆగిపోయింది. కళ్ళు మూసుకుంది. నేను లోపల ఉప్మా కలుపుతున్నాను, ఏమైందండీ అత్తయ్యా అంటే పలకదు. మెల్లగా చెయ్యి తీసి కళ్ళకద్దుకుంది. చెయ్యంతా జివ్వుమందట. భుజందాకా పాకిందట.

"అమ్మవారు బండెక్కిందే అమ్మాయ్."

వెనకే వత్సవాయి వెంకాయమ్మగారు, ఆవిడా తడిబట్టలే. ఆవిడకీ జివ్వుమంది. ఇంక చెప్పాలా. వరసగట్టి అందరూ. ఎవరో కొబ్బరికాయ కొట్టి ఆ నీళ్ళు మెట్టు మీద పోశారు. ఈయన వచ్చి రాడ్డు పట్టుకుని, ఏమీ లేదే అన్నారు. అత్తయ్య కొడుకు కాళ్ళ వంక చూసి — "చెప్పులేసుకున్నోడికి ఏం తెలుస్తదిరా."

అక్టోబరు 13

ఇంటికొచ్చాం. అత్తయ్య రెండు కప్పుల కాఫీ తాగి, మామయ్య పోయాక మొదటిసారి గట్టిగా నవ్వింది. అమ్మవారో ఎవరో... ఎవరైనా సరే, వాళ్ళకో దండం.

అక్టోబరు 21

వేదాద్రి వెళ్ళొచ్చాం. అక్కడ రాడ్డు పలకలేదు. పొద్దున్నే ఆడవాళ్ళంతా కృష్ణలో మునిగి వచ్చి పట్టుకున్నారు... ఉలుకూ పలుకూ లేదు. ఎవరో మైల కలిపారని తేల్చారు. విచారణ మొదలైంది. వెంకాయమ్మగారి కోడలు ఉల్లిపాయ పకోడీ తిన్నట్టు బయటపడింది. పాపం ఆ పిల్ల దారంతా తలెత్తలేదు. ఆ పకోడీలో సగం తిన్నది నేను. నోరు మెదపలేదు.

అక్టోబరు 27

బండికి ఎక్కడలేని పేరు వచ్చింది. ఎక్కడికని అడగట్లేదు జనం, అమ్మవారు పలికే బండేనా అని అడుగుతున్నారు. ఈయన ఔననరు, కాదనరు, మీసం తడుముకుంటారు.

ప్రసాదు పండక్కి వచ్చాడు. బండెక్కి దిగి చూశాడు. నాకెందుకో అనుమానంగా ఉందిరా, ఓసారి చూడు అన్నాను చాటుగా. బండిలో లైట్లు వెలుగుతుండగానే జేబులోంచి టెస్టరు తీసి రాడ్డుకి ఆనించాడు. వెలగలేదు. అప్పుడే ఈయన రావాలా! "ఏం బామ్మర్దీ, మా అమ్మవారు నీ టెస్టరుకి కనపడలేదా?" వాడు నవ్వేసి ఊరుకున్నాడు. భోజనాల దగ్గర కూడా అదే ఎగతాళి. నా తమ్ముడికి ఇంకో గారె వేశాను, ఈయనకి వెయ్యలేదు.

నవంబరు 1

ఇది జాగ్రత్తగా రాయాలి.

పొద్దున్నే కళ్ళాపి చల్లి, ఆ తడికాళ్ళతోనే బండి తుడుద్దామని వెళ్ళాను. లోపల చీకటిగా ఉందని వరండా ప్లగ్గు పెట్టి లైట్లు వేశాను. రాడ్డు పట్టుకున్నాను. జివ్వుమంది. మోచేతిదాకా చీమలు పాకినట్టు.

మొదట నిజంగానే దండం పెట్టాను. తర్వాత తోచింది — స్నానం కాలేదు. పళ్ళు కూడా తోమలేదు. అత్తయ్య శాస్త్రం ప్రకారం ఈ అవతారంలో ఉన్నదాని దగ్గరికి అమ్మవారు రాకూడదే!

ప్లగ్గు పీకాను. రాడ్డు చల్లగా ఉంది. మళ్ళీ పెట్టాను. ఏమీ లేదు. ఇదేంటి? ప్లగ్గుకి రెండే పుల్లలు, ఎటుతిప్పి అయినా పడుతుంది. ఈసారి తిరగేసి పెట్టాను. జివ్వుమంది. మళ్ళీ తిరగేశాను. లేదు.

వేదాద్రిలో పకోడీ తప్పేం లేదు. ప్రసాదు వచ్చినరోజు టెస్టరు తప్పూ లేదు.

మెట్టు మీదే కూర్చుండిపోయాను. భయం కాదు, ముందు దిగులేసింది. అత్తయ్య నవ్వు గుర్తొచ్చింది.

నవంబరు 2

ఈయనకి చెప్పాను. నమ్మలేదు. చెప్పులు విప్పించి, తడినేల మీద నిలబెట్టి పట్టుకోమన్నాను. పట్టుకుని చెయ్యి లాగేసుకున్నారు. ఆ మొహం చూసి నాకే జాలేసింది.

సాయంత్రానికి ఉపాయం కనిపెట్టారు. ప్లగ్గుకి ఒకవైపు ఎర్రరంగు పూశారు. ఎరుపు పైకి ఉంటే మంచివైపు. "ఇంక తేడా రాదు పో." అమ్మకి చెప్పొద్దు అన్నారు. మనసు విరిగిపోతుందట. వైరింగు మార్పిద్దాం, ప్రసాదుని రమ్మంటాను అంటే — కార్తీకం బుకింగులు అయిపోనీ, తర్వాత చూద్దాం.

నేనూ సరేనన్నాను. అత్తయ్య ముందు గదిలో వెంకాయమ్మగారికి అమ్మవారి సంగతి మళ్ళీ మొదటినుంచీ చెబుతోంది. ఎలా చెప్పను?

నవంబరు 8

పౌర్ణమి స్నానానికి చెవిటికల్లు. బండి నిండింది. పులిహోరకి చింతపండు నానబెట్టాలి. ఎర్రరంగు పైకి — రెండుసార్లు గుర్తుచేశాను. విసుక్కున్నారు.

నవంబరు 12

రాయాలని లేదు. అయినా రాస్తాను, లేకపోతే కళ్ళు మూస్తే అదే కనపడుతోంది.

నిన్న పొద్దున చెవిటికల్లులో కృష్ణ ఒడ్డున పొలం పక్కన ఆగాం. మోటారు షెడ్డు గోడకి ప్లగ్గు ఉంది. రైతు మంచాయన, వాడుకోమన్నాడు. ఈయన ఎర్రరంగు పైకే పెట్టారు. నేను చూశాను. నా కళ్ళతో చూశాను. ఏ ఊళ్ళో ప్లగ్గు ఎటు బిగించారో మన రంగుకేం తెలుసు? మా ఇంటి గోడకి పైవైపు మంచిదైతే, వాళ్ళ గోడకి కిందవైపేమో. అంత తెలివి మా ఇద్దరికీ లేకపోయింది.

అందరికంటే ముందు అత్తయ్యే మునిగి వచ్చింది. ఒంటినిండా నీళ్ళు. కింద బురద. ఒక చెయ్యి రాడ్డు మీద వేసింది. నేను తలుపు లోపలే, ఎదురుగా. ఈసారి కళ్ళు మూసుకోలేదు. తెరుచుకునే ఉన్నాయి. నోరు తెరిచింది, మాట రాలేదు. వేళ్ళు రాడ్డుకి అతుక్కుపోయాయి.

పేరు పెట్టి అరిచాను ఈయన్ని. ఇన్నేళ్ళలో మొదటిసారి. చెయ్యి పట్టుకోబోయి, ఎందుకో ఆగి, అరలోంచి బూరుగుదూది దిండు లాగి దాంతో ఆవిడ చేతినీ ఛాతీనీ కలిపి బలంకొద్దీ తోశాను. వెల్లకిలా బురదలో పడింది. ఈయన పరిగెత్తి ప్లగ్గు పీకారు.

గట్టు మీంచి చూసినవాళ్ళకి కనపడింది ఒకటే — కోడలు అత్తగారిని బస్సులోంచి తోసేసింది. వెంకాయమ్మగారు నా మీదికి వచ్చింది కూడా. అననీ. అత్తయ్య ఊపిరి తీసుకుంది. అది చాలు నాకు.

నందిగామలో డాక్టరు గుండె బాగానే ఉందన్నాడు. అరచేతిలో మాత్రం కాలిన గీత. ఇంకొంచెంసేపు అయితే... అని ఆపేశాడు. ఈయన బయటికి వెళ్ళిపోయారు. గోడవైపు తిరిగి నిలబడ్డారు. వెళ్ళి పక్కన నిలబడ్డాను.

నవంబరు 14

ప్రసాదు కబురందగానే వచ్చాడు. వాడొచ్చేసరికే ఈయన బండిలో వైరంతా పీకి కుప్పేసి మధ్యలో కూర్చున్నారు. వాడు ఒక్క ఎత్తిపొడుపు మాట అనలేదు. ఈయన్నే పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాడు. "బ్యాటరీ కరెంటుకి బాడీ చుట్టం బావా. ఇంటి కరెంటుకి కాదు. దానికి పోనూ రానూ రెండు వైర్లూ విడిగా ఉండాల్సిందే."

లోపలున్నవాళ్ళకి ఎందుకు తెలియలేదో కూడా చెప్పాడు. బండి రబ్బరు టైర్ల మీద ఉంటుంది. బండంతా కరెంటు ఎక్కినా లోపలున్నవాళ్ళకి ఏమీ కాదు. ఒక కాలు నేల మీదా ఒక చెయ్యి బండి మీదా ఉన్నవాళ్ళే దొరికిపోతారు. వట్టికాళ్ళు, తడికాళ్ళు అయితే మరీ. అంటే చెప్పులు విడిచి, స్నానం చేసి, భక్తిగా వచ్చినవాళ్ళే.

ఈయన తల ఎత్తలేదు.

నవంబరు 17

అత్తయ్య అన్నం ఒక్కపూటే తింటోంది. అదీ ఉప్పూ కారం లేకుండా. అడిగితే చెప్పదు. బతిమాలితే చెప్పింది. వెంకాయమ్మగారి ముందు గొప్పలు పోయిందట — అమ్మవారు అందరికంటే తనకే ఎక్కువ పలుకుతోందని. అందుకే అమ్మవారు చెయ్యి కాల్చిందట. తప్పు తనదేనట.

"పాపిష్టి నోరే అమ్మాయ్ నాది. మీ మామయ్య అప్పుడే అనేవారు."

నాకు ఏడుపొచ్చింది. చెప్పబోయాను. గుమ్మంలో ఈయన. వద్దని కళ్ళతోనే బతిమాలారు. నేను చెబుతాను అన్నారు తర్వాత. నా తప్పు నేనే చెప్పుకుంటాను, నువ్వు చెప్పకు.

నవంబరు 19

చెప్పలేదు.

నవంబరు 22

చెప్పారు. ఎలకలు వైరు కొరికాయని చెప్పారు!

అత్తయ్య సావధానంగా విని, ఆ ఎలకల్ని పంపింది ఎవరనుకుంటున్నావురా అంది. ఇప్పుడు అమ్మవారితో పాటు వినాయకుడికీ కోపం వచ్చిందని చవితి ఉపవాసం కూడా మొదలు. గాజులు మోచేతిదాకా జారుతున్నాయి. కథని ఇంకా పెద్దది చేసి పెట్టారు. వంటింట్లో ఈయన్ని నిలబెట్టి కడిగేశాను. తల వంచుకుని విన్నారు. ఆ తల వంపు చూస్తే తిట్టడమూ తృప్తిగా ఉండదు.

నవంబరు 26

బండి పని అయింది. మొత్తం రెండు వైర్లతో. మూడో వైరు బాడీకి బోల్టు వేసి, దాని కొస నేలలో పాతే ఇనప పైపుకి. బండికి ఎప్పుడైనా కరెంటు ఎక్కినా మనిషిని వదిలి నేలలోకి దిగిపోతుందట. ఆగిన ప్రతిచోటా ముందు పైపు దిగ్గొట్టాలి, నీళ్ళు పొయ్యాలి, తర్వాతే ప్లగ్గు. ఇంటి దగ్గరయితే గొయ్యి తవ్వి ఉప్పూ బొగ్గూ వేసి పాతేశారు. మన నేల సంగతి తెలిసిందే, మూరెడు దిగగానే సున్నపురాయి తగిలింది. ప్రసాదు వేరేచోట తవ్వుదామన్నాడు. ఈయన వినలేదు. గునపం పుచ్చుకుని ఆ రాయే పగలగొట్టారు. అరచేతులు బొబ్బలెక్కాయి. నూనె రాస్తానంటే రాయనివ్వలేదు.

డిసెంబరు 1

ఇవాళ అత్తయ్య మంచం మీంచి లేస్తుంటే కళ్ళు తిరిగాయి. పట్టుకున్నాను. ఏమీ బరువు లేదు మనిషి.

ఈయన చూశారు. వచ్చి మంచం పక్కన నేల మీద కూర్చున్నారు.

"ఎలకలు కాదమ్మా. వైరింగు నేనే తప్పు చేశా. నీకు షాకు కొట్టింది నా మూలానే. ముందే తెలిసి కూడా చెప్పలా."

అత్తయ్య చాలాసేపు చూసింది. కొడతుందేమో అనుకున్నాను. నిజానికి కొడితే బాగుండు అనుకున్నాను.

"అయితే నా తప్పేం లేదా?"

లేదమ్మా అన్నారు. మళ్ళీ అడిగింది. మళ్ళీ లేదన్నారు. అత్తయ్య నా వంక తిరిగింది, నిజమేనా అన్నట్టు. నిజమేనండీ, నాకూ తెలుసు అన్నాను.

"నీ మూలాన ఇన్నాళ్ళు చప్పిడి కూడు తిన్నాను గదరా!"

కొడుకు నెత్తిన ఒక్కటి మొట్టింది, కాలిన చేత్తోనే. మొట్టి, ఆ చెయ్యి అక్కడే ఉంచేసింది. నేను వంటింట్లోకి వచ్చేశాను. కాసేపటికి కేక — ఆవకాయ ఉందా, అయిపోయిందా?

డిసెంబరు 2

మూడు పూటలా తింది. అయితే ఇంకో సంగతి. బండివైపు చూడట్లేదు. వీధి గుమ్మంలోకి కూడా రావడం లేదు. ఆ నట్టింటి కుర్చీలోనే మళ్ళీ. అమ్మవారంటే భయం పోయింది, బండంటే భయం పట్టుకుంది.

మళ్ళీ ఆ కుర్చీ... నాకు అన్నిటికంటే అదే భయం.

డిసెంబరు 7

వెంకాయమ్మగారు వచ్చింది. దిండు సంగతి అంతా తెలిసి నా చేతులు పట్టుకుంది. కానీ అమ్మవారి సంగతి మాత్రం ఒప్పుకోదు. కరెంటైతే కానీ, కోడలి చేతికి దిండు అందించింది ఎవరంటుంది. ఆదివారం యాత్రకి రావాలి వదినా అంటే — చూద్దాంలే అంది అత్తయ్య. చూద్దాం అంటే రానని.

డిసెంబరు 13

చెంబు తేవడానికి లోపలికొచ్చి ఈ రెండు ముక్కలు రాస్తున్నాను.

బండి బయల్దేరాలి. సామాను ఎక్కిస్తూ లైట్లు వేసి ఉంచారు. జనం ఎక్కేశారు. అత్తయ్య చీర మార్చుకుని, సంచీ పట్టుకుని తనంతట తనే వీధిలోకి వచ్చింది! మెట్టు ముందు ఆగిపోయింది. రాడ్డుకి జానెడు దూరంలో చెయ్యి. ముందుకి పోదు, వెనక్కి రాదు. మెడ మీద చెమట.

ప్రసాదు టెస్టు బల్బు పెట్టి చూపించాడు. వెలగలేదు. ప్లగ్గు తిరగేసి చూపించాడు. వెలగలేదు. దానికేం, మొన్న పండక్కీ వెలగలేదు గదా అంది అత్తయ్య. ఈయన వట్టికాళ్ళతో వచ్చి రాడ్డు రెండు చేతులా పట్టుకున్నారు. చూడమ్మా, ఏం లేదు, రా. అత్తయ్య కదల్లేదు.

"నువ్వు పక్కకి తప్పుకో. నీ పని నమ్మి ఓసారి పట్టుకున్నా. అమ్మాయి పట్టుకోవాలి. కాళ్ళు తడుపుకుని రమ్మను. ఒక చేత్తో అది పట్టుకుని, రెండో చెయ్యి నాకివ్వాలి."

వీధంతా నవ్వారు. కోడలి ప్రాణం అంత చవకా అని ఎవరో. అత్తయ్య నవ్వలేదు. నన్నే చూస్తోంది.

ఈయన నా వంక చూడలేకపోయారు. వద్దులే, నేనే ఇంకోసారి... అని మొదలుపెట్టి ఆపేశారు. ఆయన పనిని నేను నమ్ముతానా లేదా — అదే గదా ఇప్పుడు వీధి మధ్యలో తేలాల్సింది. గొయ్యి తవ్వడం చూశాను. రాయి పగలడం చూశాను. ఎర్రరంగు కూడా చూశాను మరి.

భయం లేదని రాస్తే అబద్ధం.

అత్తయ్య పిలుస్తోంది. చెంబు నిండింది, కాళ్ళు తడుపుకుని వెళుతున్నాను.